ఇంజినెక్స్ డైనమిక్ మాడ్యూళ్లు: రాసి, ఏళ్ల తరబడి చూసుకునేవాళ్ల కోణంలో రివ్యూ

ఇంజినెక్స్ అనే వెబ్ సర్వర్‌కి సి భాషలో సొంత మాడ్యూల్ (సర్వర్‌కి కొత్త పని నేర్పే అదనపు కోడ్ ముక్క) రాసి, ఓపెన్ సోర్స్‌గా బయట పెట్టి, పదిమంది వాడటం మొదలెట్టాక కూడా దాన్ని చూసుకుంటూ పోవాలంటే ఆ సర్వర్ మనకెంత సహకరిస్తుంది? ఈ రివ్యూ ఆ ఒక్క ప్రశ్న గురించే. మార్కులు ముందే చెప్పేస్తున్నాం. మాడ్యూల్ రాయడానికి 5కి 4, దాన్ని నిలబెట్టుకోవడానికి 5కి 2.5. ఈ తేడా ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసుకోకుండా దిగితే రెండో స్టేబుల్ వెర్షన్ వచ్చేసరికే చేతులెత్తేయాల్సి వస్తుంది.

ముందు బాగున్న సంగతులు. 2016 ఫిబ్రవరిలో 1.9.11 వచ్చేదాకా బయటి మాడ్యూల్ ఏది కావాలన్నా మొత్తం సర్వర్‌నే మళ్లీ కంపైల్ చేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మాడ్యూల్ ఒక్కటే .ఎస్ఓ ఫైలుగా (సర్వర్ లేచేటప్పుడు లోడ్ చేసుకునే లైబ్రరీగా) తయారవుతుంది, దీన్నే డైనమిక్ మాడ్యూల్ అంటారు. కాన్ఫిగరేషన్ ఫైలు పైభాగాన, ఈవెంట్స్ బ్లాక్ కంటే ముందు, లోడ్_మాడ్యూల్ లైను ఒకటి పెడితే పని అయిపోతుంది. కిందెక్కడో పెడితే ఆలస్యంగా చెప్పావంటూ సర్వర్ తిప్పికొడుతుంది.

మాడ్యూల్ ఫోల్డర్‌లో రెండు ఫైళ్లుంటే చాలు. ఒకటి సోర్స్, రెండోది కాన్ఫిగ్ అనే పేరుతో ఉండే చిన్న షెల్ ముక్క. మాడ్యూల్ రకం, పేరు, సోర్స్ ఫైళ్ల జాబితా ఆ ముక్కలో చెప్పి, చివర ఆటో/మాడ్యూల్‌ని పిలవాలి. ఆ తర్వాత మాడ్యూల్ నడవబోయే మెషిన్ మీద ఇంజినెక్స్‌ని పెద్ద వి ఆప్షన్‌తో నడిపి వెర్షన్, బిల్డ్ ఆప్షన్లు చూసుకోవాలి. సరిగ్గా అదే వెర్షన్ సోర్స్ దించుకుని, కాన్ఫిగర్‌కి --విత్-కంపాట్, --యాడ్-డైనమిక్-మాడ్యూల్ రెండూ ఇచ్చి, మేక్ మాడ్యూల్స్ అంటే ఆబ్జ్స్ ఫోల్డర్‌లో మన ఫైలు ప్రత్యక్షమవుతుంది. చిన్న మాడ్యూల్‌కి ఇదంతా ఐదు నిమిషాల పని.

ఆ విత్-కంపాట్ 1.11.5లో వచ్చింది. దాన్ని మర్చిపోవడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. బిల్డ్ ఆప్షన్లను బట్టి సర్వర్ లోపలి స్ట్రక్చర్లలో కొన్ని ఫీల్డులు వస్తాయి, కొన్ని పోతాయి. విత్-కంపాట్ ఇస్తే ఆప్షన్ ఏదైనా ఫీల్డుల వరస మారదు. ఇవ్వకపోతే మాడ్యూల్ బైనరీ కంపాటిబుల్ కాదన్న ఎర్రర్‌తో లోడింగ్ ఆగిపోతుంది. ఇలా ఆపడం మంచిదే. ఆపకుండా లోడ్ చేసుకుని ఉంటే వేరే ఫీల్డు మీద రాసేసి, ఎక్కడో సంబంధం లేని చోట క్రాష్ అయ్యేది.

ఇక ఆ రెండు మార్కుల మధ్య 1.5 తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. లోడ్ చేసేటప్పుడు బిల్డ్ ఆప్షన్ల ముద్ర లాంటి సిగ్నేచర్‌తో పాటు వెర్షన్ నంబరు కూడా పోల్చి చూస్తారు, అదీ అచ్చంగా. 1.26.2 అంటే లోపల 1026002. ఆఖరి అంకె ఒకటి మారినా మాడ్యూల్ లోడ్ కాదు. విత్-కంపాట్ దీన్నుంచి కాపాడదు. అంటే చిన్న సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చినా ప్రతి మాడ్యూల్‌నీ మళ్లీ బిల్డ్ చేయాలి. సర్వర్ ప్యాకేజీ రాత్రి తనంతట తాను అప్‌డేట్ అయిపోయి, మాడ్యూల్ మాత్రం పాతదే మిగిలితే, మళ్లీ రీస్టార్ట్ చేసిన క్షణాన సైట్ లేవదు. అందుకే బయటి మాడ్యూల్ వాడే ప్రతి మెషిన్ మీదా ఇంజినెక్స్ ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టాలి. కొత్త .ఎస్ఓ సిద్ధమయ్యాక రెండూ కలిపి మార్చి, కాన్ఫిగరేషన్ టెస్ట్ చేసి, అప్పుడే రీస్టార్ట్ చేయాలి.

ఈ విషయంలో అపాచీ వెబ్ సర్వర్ ఎంతో నయం. అక్కడ మాడ్యూల్ మ్యాజిక్ నంబర్ అని ఒకటుంది. 2.4 మొత్తానికీ దాని పెద్ద అంకె 20120211గానే ఉండిపోయింది. ఒక 2.4 వెర్షన్ మీద కట్టిన మాడ్యూల్ ఆ తర్వాతి 2.4 వెర్షన్లలో మళ్లీ కంపైల్ చేయకుండానే లోడ్ అవుతుంది. మాడ్యూల్ చూసుకునేవాళ్లకి దీనికి మించిన ఊరట లేదు.

వెర్షన్ తనిఖీ అంత గట్టిగా ఉన్నా, అది చూసేది బైనరీ పొంతన ఒక్కటే. ఇంజినెక్స్ లోపలి ఏపీఐ (మాడ్యూళ్లు వాడుకునే ఫంక్షన్లు, స్ట్రక్చర్లు) అర్థం మారితే పట్టుకునేది ఏదీ లేదు. 2022 జూన్‌లో వచ్చిన 1.23.0 ఇందుకు మంచి ఉదాహరణ. ఆ వెర్షన్‌లో రిక్వెస్ట్, జవాబులతో పాటు వెళ్లే హెడర్లను లింక్డ్ లిస్టులుగా (ఒక్కొక్కటీ తర్వాతిదాన్ని చూపించే గొలుసులుగా) మార్చారు. కుకీల అర్రే పోయి ఒక పాయింటర్ వచ్చింది, ఫీల్డు పేరు కూడా మారింది. కాష్-కంట్రోల్ కూడా అర్రే నుంచి పాయింటర్ అయింది. వీటిని తాకే పాత కోడ్ కంపైల్ కాదు, కాబట్టి తప్పెక్కడుందో వెంటనే తెలిసిపోతుంది. వీటితో పేచీ లేదు.

పేచీ అంతా హెడర్ స్ట్రక్చర్‌లో కొత్తగా చేరిన నెక్స్ట్ అనే ఫీల్డుతో. లాగిన్ అడిగే ఆథ్ మాడ్యూల్ ఒకటి తీసుకోండి. 401 పంపేముందు అది హెడర్ల లిస్టులోకి ఒక ఎంట్రీ తోసి, హాష్, కీ, వ్యాల్యూ మూడూ నింపి, ఆ ఎంట్రీ చిరునామాని డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-ఆథెంటికేట్ పాయింటర్‌లో పెడుతుంది. ఆ పాయింటర్ రకం మారలేదు. కాబట్టి పాత కోడ్ 1.23.0 మీద వార్నింగ్ ఒక్కటీ లేకుండా కంపైల్ అవుతుంది. కానీ లిస్టులోకి తోసే ఫంక్షన్ మెమరీని సున్నా చేయదు. నెక్స్ట్‌లో అంతకుముందు ఆ చోట ఏముంటే అదే ఉంటుంది.

టెస్ట్ మెషిన్ మీద అప్పుడే లేచిన వర్కర్‌లో (రిక్వెస్టులకి జవాబిచ్చే ప్రాసెస్‌లో) ఆ మెమరీ చాలాసార్లు సున్నాగానే ఉంటుంది, టెస్టులన్నీ పాస్ అవుతాయి. లోడ్ ఉన్న సర్వర్‌లో అదే మెమరీ పదేపదే చేతులు మారి చెత్తతో నిండి ఉంటుంది. ఏదో ఒక తనిఖీ ఒప్పుకుంటే చాలనే శాటిస్ఫై ఎనీ సెట్టింగ్ పెట్టిన లొకేషన్‌లో (కొన్ని యూఆర్ఎల్‌లకి వర్తించే కాన్ఫిగరేషన్ బ్లాక్‌లో) మన మాడ్యూల్ కాదని, ఇంకో మాడ్యూల్ సరేనంటే, సర్వర్ ఆ ఆథెంటికేట్ హెడర్లను రద్దు చేయడానికి నెక్స్ట్ పట్టుకుని నడుస్తుంది. అక్కడే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి వర్కర్ పడిపోతుంది. మందు చాలా చిన్నది: వెర్షన్ 1023000 లేదా అంతకంటే పెద్దదైతే నెక్స్ట్‌ని నల్ చేసే ఒక్క లైను, దాని చుట్టూ ప్రీప్రాసెసర్ షరతు. 2022కి ముందు రాసి ఆ తర్వాత ఎవరూ ముట్టని మాడ్యూల్‌ని వాడాలనుకుంటే, అందులో లిస్ట్ పుష్ అని వెతికి, ప్రతి చోటా ఈ లైను ఉందో లేదో చూశాకే ప్రొడక్షన్‌లో పెట్టండి.

ఇలాంటివి ముందే దొరకాలంటే దారి ఉంది. ఇంజినెక్స్ మెమరీని పూల్స్‌గా పెద్ద ముక్కల్లో తీసుకుంటుంది కాబట్టి అడ్రస్ శానిటైజర్‌కి (మెమరీ తప్పులు పట్టే కంపైలర్ సాధనానికి) లోపల జరిగే హద్దు దాటడాలు కనిపించవు. కంపైలర్ ఆప్షన్లలో శానిటైజర్‌తో పాటు ఎన్‌జీఎక్స్_డీబగ్_పాలాక్ కూడా ఆన్ చేస్తే ప్రతి కేటాయింపూ విడిగా జరుగుతుంది, ఒక్క బైట్ దాటినా పట్టుబడుతుంది. సున్నా చేయని మెమరీని పట్టుకోవడం మాత్రం వాల్‌గ్రైండ్ అనే మెమరీ తనిఖీ సాధనం పని. ఓపెన్‌రెస్టీ (ఇంజినెక్స్ మీద కట్టిన వేదిక) వాళ్లు పెర్ల్‌లో రాసిన టెస్ట్ సాధనం టెస్ట్::ఇంజినెక్స్ ఈ రెంటికీ తోడుంటుంది. కాన్ఫిగరేషన్, రిక్వెస్ట్, రావాల్సిన జవాబు ఒకే టెక్స్ట్ బ్లాక్‌లో రాసి ప్రూవ్ కమాండ్‌తో నడిపితే, అది 1984 పోర్టు మీద అసలు సర్వర్‌నే లేపి పరీక్షిస్తుంది. ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడితే అవే టెస్టులు వాల్‌గ్రైండ్ కింద నడుస్తాయి. పెర్ల్ అంటే మొహం తిప్పుకునేవాళ్లు కూడా దీన్ని నేర్చుకోవాలి, ఈ పనికి ఇంత సరిపోయే పనిముట్టు ఇంకొకటి లేదు.

జవాబుని పంపేముందు మార్చే ఫిల్టర్ మాడ్యూళ్లలో దొర్లే తప్పులు మరీ తరచు కనిపించేవి. బాడీని మార్చే ఫిల్టర్ కంటెంట్-లెంగ్త్‌ని తీసేయకపోతే, బాడీ తగ్గినప్పుడు బ్రౌజర్ రాని బైట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆఖరి బఫర్ మీద, ఇదే చివరిదని చెప్పే లాస్ట్_బఫ్ గుర్తు పెట్టకపోయినా అదే వరస. ఇంజినెక్స్ స్ట్రింగ్ చివర నల్ ఉండదు, దాన్ని మామూలు సి ఫంక్షన్‌కి ఇస్తే పక్క మెమరీలోకి చదువుకుంటూ పోతుంది. రిక్వెస్ట్ దారిలో గెట్‌అడ్రస్‌ఇన్ఫో లాంటి ఆగిపోయే కాల్ పెడితే ఒక్క రిక్వెస్ట్ కోసం ఆ వర్కర్ చేతిలో ఉన్న కనెక్షన్లన్నీ ఆగుతాయి. కాన్ఫిగరేషన్ చదివేటప్పుడు మాలాక్‌తో తీసుకున్నది, తెరిచిన ఫైలు, పూల్ క్లీనప్‌లో పెట్టి వదిలేయకపోతే ప్రతి రీలోడ్‌కీ మాస్టర్ ప్రాసెస్ కొంచెం కొంచెంగా ఉబ్బుతుంది.

చదివి నేర్చుకోదగిన మాడ్యూల్ ఒక్కటి చెప్పమంటే హెడర్లను పెట్టే, తీసే హెడర్స్-మోర్ పేరు చెబుతాం. ఇంజినెక్స్‌తో వచ్చే యాడ్_హెడర్ లోపలి లొకేషన్‌లో ఒకటి రాయగానే పై స్థాయిలో రాసినవన్నీ పోతాయి, ఆల్వేస్ అనకపోతే 404, 500 జవాబులకి అసలు తగలదు. హెడర్స్-మోర్‌లో పైవి ముందు నడుస్తాయి, ఆ తర్వాత లోపలివి. సర్వర్ బ్లాక్‌లోని ఇఫ్‌లో మాత్రం అది పనిచేయదు. కనెక్షన్ హెడర్‌ని కూడా తీసేయలేదు, ఎందుకంటే ఆ హెడర్‌ని రాసే కోర్ ఫిల్టర్ ఎప్పుడూ దీని తర్వాతే నడుస్తుంది. ఈ పరిమితులన్నీ దాని రీడ్‌మీలోనే రాసి ఉన్నాయి. 1.23.0 మార్పుని వెర్షన్ షరతులతో రెండు వైపులా నడిచేలా ఎలా సర్దారో అందులో చూసి మక్కీకి మక్కీ పాటించవచ్చు.

మాడ్యూల్ బయట పెట్టేవాళ్లు బైనరీ పంచకండి, సోర్స్ మాత్రమే ఇవ్వండి. ప్రతి కమిట్‌కీ స్టేబుల్, మెయిన్‌లైన్ రెండింటి మీదా బిల్డ్ నడవాలి. రెండో అంకె సరి సంఖ్య అయితే స్టేబుల్, బేసి అయితే మెయిన్‌లైన్. ఏపీఐ మార్పులు ముందు బేసి వెర్షన్‌లోనే దిగుతాయి, అక్కడ పట్టుకుంటే కొత్త స్టేబుల్ వచ్చేలోగా సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. చేంజ్‌లాగ్‌లో ఇంటర్నల్ ఏపీఐ అన్న మాట కోసం ప్రత్యేకంగా వెతకండి. డెబియన్ లినక్స్ ప్యాకేజీల్లోకి వెళ్లగలిగితే వాడేవాళ్లకి మరీ మేలు. అక్కడ మాడ్యూల్ ప్యాకేజీ సర్వర్ ఏబీఐ (బైనరీ పొంతన) పేరు మీద ఆధారపడుతుంది కాబట్టి, పొంతన లేని సర్వర్ ఆ మెషిన్ మీదకి ఎక్కదు.