‘మియాపూర్‌కు’ పట్టిచ్చిన తప్పు: పైటెస్ట్ సమీక్ష

తెలుగు పదాల నుంచి విభక్తి ప్రత్యయాలను విడదీసే ఒక చిన్న ఓపెన్‌సోర్స్ పైథాన్ లైబ్రరీని మేము నలుగురం ఆదివారాలు కూకట్‌పల్లిలో ఒక మిత్రుని ఇంట్లో కూర్చుని చూసుకుంటాము. దాని యూనిట్ టెస్టులను, అంటే కోడ్‌లోని ఒక్కో చిన్న ముక్క సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలను, ఇన్నాళ్లూ నోస్ అనే టెస్టులు నడిపే సాధనంతో నడిపాము. నోస్ చివరి విడుదల 2015 నాటిది, పైథాన్ 3.10 మీద అది నడవదు కనుక మారక తప్పలేదు, అదే పని చేసే పైటెస్ట్‌ను ఎంచుకున్నాము.

పైథాన్‌తోపాటే వచ్చే యూనిట్‌టెస్ట్ పద్ధతిలో టెస్ట్‌కేస్ క్లాసులుగా రాసి ఉన్నవాటిని పైటెస్ట్ ఒక్క అక్షరం మార్చనక్కరలేకుండా నడిపిస్తుంది కాబట్టి, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో ఫైలు చొప్పున మార్చుకుంటూ పోవచ్చు. అయితే ఆ క్లాసుల్లోని మెథడ్‌లకు ఫిక్స్‌చర్లను (టెస్టుకు కావలసినవి ముందుగా సిద్ధం చేసి ఇచ్చే ఫంక్షన్లను) ఆర్గ్యుమెంట్లుగా ఇవ్వడం గానీ పారామెట్రైజ్ (ఒకే టెస్టును వేర్వేరు విలువలతో నడిపే సదుపాయం) వాడడం గానీ కుదరదు. అవి కావాలంటే క్లాసును విప్పి మామూలు ఫంక్షన్లుగా రాసుకోవలసిందే. నోస్ పద్ధతిలో మామూలు క్లాసుల్లో రాసుకున్న, ప్రతి టెస్టుకు ముందు నడవాల్సిన ‘సెటప్’ మెథడ్‌ను పైటెస్ట్ 8 పిలవదు, దాని పేరును ‘సెటప్_మెథడ్’గా మార్చాలి. ఈ సంగతి బోధపడేసరికి మాకు ఒక పూట గడిచిపోయింది.

ఆ నష్టాన్ని పూడ్చినది అసర్ట్, అంటే ఇచ్చిన షరతు నిజం కాకపోతే టెస్టును విఫలం చేసే పైథాన్ వాక్యం. మా పాత టెస్టుల్లో చాలావాటిని యూనిట్‌టెస్ట్‌లోని అసర్ట్‌ట్రూ మెథడ్‌తో బద్ధకంగా రాశాము. అవి విఫలమైతే ‘ఫాల్స్ ఈజ్ నాట్ ట్రూ’ అన్న ఒక్క వాక్యం వచ్చేది, దానివల్ల తెలిసేది ఏమీ లేదు. ‘మియాపూర్‌కు’ నుంచి ‘కు’ తీసేస్తే ‘మియాపూర్’ మిగలాలన్న టెస్టు చాలాకాలంగా విఫలమవుతూనే ఉంది. ప్రింట్ చేసి చూస్తే రెండు పదాలూ అచ్చు ఒకేలా కనిపించేవి. ఆ టెస్టును మామూలు అసర్ట్‌గా మార్చి నడపగానే పైటెస్ట్ సమానత్వపు గుర్తుకు ఇరువైపులా ఉన్న విలువలను చూపింది, ఎడమవైపు పదం చివర యూ200సి అన్న యూనికోడ్ సంకేతం తగిలించి ఉంది. ర పొల్లుకు, ‘కు’కు నడుమ ఒత్తు పడకుండా టైపు చేసేటప్పుడు పెట్టే కనిపించని అక్షరం అది. ప్రత్యయాన్ని కోశాము, దాన్ని మాత్రం పదం చివరనే వదిలేశాము.

తెలుగువాళ్లకు చిరాకు కలిగించేది ఒకటి ఉంది. పారామెట్రైజ్‌లో తెలుగు పదాలు ఇస్తే, టెస్టు పేర్లలో ‘మి’ అన్న ఒక్క అక్షరం యూ0సి2ఇ, యూ0సి3ఎఫ్ అని రెండు సంకేతాలుగా మారి కనిపిస్తుంది. ఏ పదం తప్పిందో పోల్చుకోవడానికి కళ్లు కాయలు కాస్తాయి. ఎస్కేపింగ్ అనే ఈ మార్పును ఆపే ఆప్షన్ ఉన్నది గానీ, ‘ఎస్కేపింగ్ ఆపి, సముదాయం నుంచి సాయం పొందే హక్కులన్నీ వదులుకుంటున్నాను’ అని అర్థం వచ్చే బారెడు పేరు దానికి పెట్టారు. చమత్కారం బాగానే ఉంది, కానీ ఇంగ్లీషు కాని భాషలో పనిచేసేవాడు మొదటి రోజే దస్తావేజు మీద సంతకం పెట్టినట్టు ఉండడం నాకు నచ్చలేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి, ప్లగిన్‌లను బట్టి తేడాలు రావచ్చని డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరించారు.

అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకుని మా దగ్గరకు వచ్చే కుర్రవాళ్లకు అసర్ట్‌ఈక్వల్ వంటి యూనిట్‌టెస్ట్ మెథడ్‌ల కుటుంబమంతా కంఠతా పట్టే అవసరం తప్పింది. వారికి ఒక్క జాగ్రత్త చెబుతాము: అసర్ట్ తరువాత షరతును, సందేశాన్ని కలిపి ఒకే బ్రాకెట్‌లో పెట్టకూడదు, అలా పెడితే ఆ టెస్టు ఎప్పటికీ విఫలం కాదు.

ఇంకా రెండు ఫైళ్లు పాత టెస్ట్‌కేస్ రూపంలోనే నడుస్తున్నాయి. ఆ బారెడు ఆప్షన్‌ను మాత్రం మా సెట్టింగుల ఫైల్లో ఇప్పటికే పెట్టేశాము.