ప్రొబేట్ వచ్చింది, వాటా రాలేదు: ఆగడం మేలా, అడగడం మేలా, కోర్టుకెళ్లడం మేలా?

వీలునామా సరైనదేనని కోర్టు తేల్చి ప్రొబేట్ ఇచ్చిన రోజున ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఇక వాటా చేతికొచ్చినట్టేనని లెక్కలు వేసుకుంటారు. తర్వాత నెలలు గడుస్తాయి. ఎగ్జిక్యూటర్‌ని, అంటే వీలునామా ప్రకారం ఆస్తి పంచే బాధ్యత ఉన్న మనిషిని అడిగితే "పని జరుగుతోంది" అంటారు. మళ్లీ అడగాలంటే మొహమాటం, అడక్కపోతే టెన్షన్. పైగా చాలా కుటుంబాల్లో ఆ ఎగ్జిక్యూటర్ సొంత అన్నయ్యో అక్కయ్యో అయి ఉంటారు. పోయిన మనిషి మీద దిగులు తీరకముందే డబ్బు మాట ఎత్తాల్సి రావడం నిజంగా నరకం.

ఈ స్థితిలో ముందున్న దారులు మూడే. ఓపిక పట్టడం, లెక్క చూపించి కొంతైనా ముందు ఇమ్మని అడగడం, కోర్టు మెట్లెక్కడం. నేను గట్టిగా చెప్పేది రెండోదే. అయితే ఆలస్యం ఎందుకు జరుగుతోందో తెలియకుండా ఏ దారి పట్టినా దెబ్బ తినే అవకాశం ఉంది కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం.

ప్రొబేట్ ఇచ్చేది అధికారం మాత్రమే. ఆ కాగితం పట్టుకుని ఎగ్జిక్యూటర్ బ్యాంకులు, షేర్ల కంపెనీలు, బీమా సంస్థలు, పన్నుల శాఖ చుట్టూ తిరగాలి. ముందు అంత్యక్రియల ఖర్చు, కోర్టు ఖర్చులు, అప్పులు, పన్నులు తీర్చాలి. ఆ తర్వాతే వారసులకు పంచాలి. ఈ వరస తప్పి ముందే పంచేస్తే, తర్వాత అప్పులవాళ్లు వచ్చినప్పుడు ఎగ్జిక్యూటర్ తన జేబులోంచి కట్టాల్సి రావచ్చు. భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం బాకీ తీరని అప్పులవాళ్లు వాటా తీసుకున్నవాళ్ల దగ్గరికి కూడా రావచ్చు. అందుకే భయపడి ఆగే ఎగ్జిక్యూటర్‌ని వెంటనే దొంగలా చూడకూడదు.

చిన్న చిన్న విషయాల దగ్గర ఎంత కాలం పోతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. షేర్ సర్టిఫికెట్ మీద పేరు పొడి అక్షరాలతో ఉంటుంది, మరణ ధృవీకరణ పత్రంలో పూర్తి పేరు ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ కావాలని ఫారం వెనక్కి వస్తుంది. అఫిడవిట్ పంపితే ఈసారి సంతకం కలవలేదంటారు. భారత్‌లో డివిడెండ్లు వరసగా ఏడేళ్లు ఎవరూ తీసుకోకపోతే ఆ షేర్లే ప్రభుత్వ నిధికి బదిలీ అవుతాయి, వాటిని వెనక్కి తెచ్చుకోవడం మళ్లీ వేరే దరఖాస్తు. ఇవన్నీ ఎగ్జిక్యూటర్ చేతిలో లేని ఆలస్యాలు. ఫారమే పంపకుండా బీరువాలో పెట్టి కూర్చోవడం మాత్రం పూర్తిగా ఆయన తప్పు. బయటి నుంచి చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెంటికీ తేడా తెలియాలంటే అడగడం తప్ప మార్గం లేదు.

ఇప్పుడు ఆగడం గురించి. చట్టం ఎగ్జిక్యూటర్‌కి ఏడాది గడువిస్తుంది. ఇంగ్లండ్‌లో 1925 నాటి ఎస్టేట్ల నిర్వహణ చట్టం 44వ సెక్షన్, మన వారసత్వ చట్టం 337వ సెక్షన్ చెప్పేది దాదాపు ఒకటే: ఏడాది లోపు పంచి తీరాలని ఎగ్జిక్యూటర్‌ని ఒత్తిడి చేయలేం. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఈ ఏడాదిని లెక్కపెట్టాల్సింది మనిషి పోయిన రోజు నుంచి, ప్రొబేట్ వచ్చిన రోజు నుంచి కాదు. ప్రొబేట్ రావడానికే పద్నాలుగు నెలలు పట్టిందనుకోండి, ఆ గడువు అప్పటికే దాటిపోయింది. "ప్రొబేట్ ఇప్పుడేగా వచ్చింది, ఇంకో ఏడాది ఆగండి" అని ఎవరైనా అంటే చట్టం పేరుతో ఆ మాట అనడం కుదరదు.

అయితే ప్రొబేట్ తేదీ నుంచి లెక్కించే గడువులు కూడా కొన్నున్నాయి. ఇంగ్లండ్‌లో తమకు తగినంత వదిలి వెళ్లలేదని భార్యాభర్తలు, పిల్లలు, ఆధారపడినవాళ్లు 1975 చట్టం కింద కేసు వేయాలంటే ప్రొబేట్ ఇచ్చాక ఆరు నెలలు టైముంది. కేసు వేశాక ఆ కాగితాలు అందజేయడానికి ఇంకో నాలుగు నెలలు. కాబట్టి జాగ్రత్తపరులు పది నెలల దాకా పెద్ద మొత్తాలు కదపరు. బాకీలుంటే చెప్పుకోమని అప్పులవాళ్ల కోసం ఇచ్చే ప్రకటనకు కనీసం రెండు నెలల గడువు అక్కడి ట్రస్టీ చట్టమే పెట్టింది. ఇలాంటి గడువులు ఇంకా నడుస్తుంటే, వీలునామా మీద ఎవరో ఒకరు గొడవ పెట్టే సూచన ఉంటే ఆగడమే మేలు. తీసుకున్న డబ్బు ఖర్చయ్యాక తిరిగి ఇవ్వాల్సి రావడం కంటే ఆ కొన్ని నెలలు ఓర్చుకోవడం నయం.

కానీ నోరు మూసుకుని ఆగడం వేరు. దాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఏళ్ల తరబడి ఏమీ అడగని వారసుడి వాటా గురించి ఎవరికీ తొందర ఉండదు. ఆలస్యానికి కొంత వడ్డీ వస్తుందన్న మాట నిజమే. భారత చట్టంలో, వీలునామాలో గడువు రాయని నగదు వాటాకి మామూలుగా ఏడాది దాటాక వడ్డీ వస్తుంది: వీలునామా రాసినవాళ్లు హిందువులు, ముస్లింలు, బౌద్ధులు, సిక్కులు, జైనులు అయితే 6 శాతం, మిగతావాళ్లయితే మామూలుగా 4 శాతం. అదికూడా ఫలానా మొత్తం ఇవ్వమని వీలునామాలో ఎవరి పేరున రాశారో వాళ్లకే. మిగిలిందంతా పంచుకోమని ఎవరి పేరున రాశారో వాళ్లకు మిగిలిందే దిక్కు. ఆలస్యంలో కరిగిపోయేది కూడా వాళ్ల వాటాయే.

ఇక అడగడం. దీన్ని రెండు మెట్లుగా చేయాలి. మొదట లెక్క, తర్వాత డబ్బు. లెక్క అడగడం అవమానించడం కాదు, అది ఎగ్జిక్యూటర్ బాధ్యత. భారత్‌లో వారసత్వ చట్టం 317వ సెక్షన్ ప్రకారం ప్రొబేట్ వచ్చిన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చులు కోర్టుకు దాఖలు చేయాలి. ఈ సంగతి తెలియని ఎగ్జిక్యూటర్లు ఎందరో. ఫోన్లో అడగొద్దు, ఒక్క పేజీ ఉత్తరమో ఈమెయిలో చాలు. ఇప్పటిదాకా ఏ ఆస్తి డబ్బు వసూలైంది? ఏది కాలేదు, ఏ ఆఫీసులో ఏ కాగితం కోసం ఆగింది? అప్పులు, పన్నులు ఎంతవరకు తీరాయి? వసూలైన డబ్బు విడిగా ఒక ఖాతాలో ఉందా? పంపకం ఎప్పటికి అనుకుంటున్నారు? చివర్లో జవాబుకి ఒక తేదీ రాయాలి. మాటలు మర్యాదగానే ఉండాలి. నాలుగో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే మాత్రం జాగ్రత్త పడాలి. ఆస్తి డబ్బు సొంత ఖాతాలో కలిపేసుకున్న ఎగ్జిక్యూటర్‌ని ఇంక నమ్మకూడదు.

జవాబు వస్తే పాక్షిక పంపకం అడగడం తేలిక. మొత్తం ఆస్తి వంద పాళ్లు అనుకుందాం. అందులో అమ్ముడుపోని ఇల్లు అరవై, బ్యాంకు డబ్బు ముప్పై, బదిలీ కాని షేర్లు పది. తెలిసిన అప్పులు, పన్ను కలిపి పన్నెండు. ఊహించని ఖర్చులకు ఇంకో ఆరు పక్కన పెట్టినా, బ్యాంకు డబ్బులో పన్నెండు పాళ్లు ఇప్పుడే పంచొచ్చు. ముగ్గురు వారసులుంటే మనిషికి నాలుగు. ఇల్లు అమ్ముడయ్యేదాకా ఈ పన్నెండు పాళ్లని కూడా పట్టి ఉంచడానికి కారణం లేదు. ఎగ్జిక్యూటర్ జంకుతుంటే, తర్వాత ఏదైనా బాకీ బయటపడితే నా భాగం మేరకు తిరిగిస్తానని రాసివ్వండి. ఆ ఒక్క కాగితంతో చాలామంది మెత్తబడతారు. ఫలానా నగో ఫలానా పొలమో మీ పేరున రాసి ఉంటే, అప్పుల కోసం దాన్ని అమ్మాల్సిన అవసరం లేదని తేలగానే అది విడిగా అడగొచ్చు. మన చట్టంలో దానికి ఎగ్జిక్యూటర్ సమ్మతి కావాలి. నోటిమాట సమ్మతి కూడా చెల్లుతుంది గానీ, రాతలో తీసుకుంటే తర్వాత పేరు మార్పిడికి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

ఇంటి విషయం ఒక్క మాట. అమ్మి పంచడమా, ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకు డబ్బివ్వడమా అన్న దగ్గర నెలలు కాదు, ఏళ్లే పోతాయి. ఉంచుకునే వాళ్ల దగ్గర డబ్బు సిద్ధంగా లేకపోతే అమ్మేయడమే త్వరగా తేలే పని. సెంటిమెంట్ నాకూ అర్థమవుతుంది. ఖాళీగా ఉన్న ఇంటికి పన్నులు, మరమ్మతులు, కాపలా మిగతావాళ్ల వాటాలోంచే పోతుంటాయని మాత్రం అందరికీ తెలియాలి.

చివరి దారి కోర్టు. లెక్కలు చూపించమని ఆదేశం కోరవచ్చు, ఎగ్జిక్యూటర్‌ని తొలగించి వేరొకరిని పెట్టమనవచ్చు. భారత్‌లో వారసత్వ చట్టం 301వ సెక్షన్ కింద హైకోర్టుకు, ఇంగ్లండ్‌లో 1985 నాటి న్యాయ నిర్వహణ చట్టం 50వ సెక్షన్ కింద కోర్టుకు ఆ అధికారం ఉంది. అయితే వారసులకూ ఎగ్జిక్యూటర్‌కీ పడటం లేదన్నంత మాత్రాన తొలగించరు. లెటర్‌స్టెడ్ కేసులో, అప్పట్లో బ్రిటిష్ వలస రాజ్యాలకు ఆఖరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ 1884లోనే, చూడాల్సింది వారసుల క్షేమమని చెప్పింది. ఇప్పటికీ కోర్టులు ఆ తీర్పునే తలుస్తాయి. డబ్బు దారి మళ్లించడం, లెక్కలు దాచడం, ఎంత అడిగినా పని మొదలే పెట్టకపోవడం లాంటివి ఉంటేనే కేసు నిలబడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ప్రతి ఆఫీసులో మళ్లీ తమ కాగితాలు చూపించాలి, కోర్టు ఖర్చు ఆస్తి మీద పడితే అందరి వాటా తగ్గుతుంది. కాబట్టి ఉత్తరాలకు జవాబు లేనప్పుడు ముందు లాయర్ నోటీసు, అదీ పనిచేయకపోతే లెక్కల కోసం పిటిషన్, తొలగింపు ఆ తర్వాతే. ఆస్తి ఎవరో అమ్ముకుంటున్నారని ఆధారం దొరికితే మాత్రం ఈ వరస పక్కన పెట్టి ఆ రోజే లాయర్‌ని కలవండి. అక్కడ మర్యాద పాటిస్తూ కూర్చుంటే మిగిలేది ఏమీ ఉండదు.

ఏ దారిలో వచ్చినా, ఆఖరి వాటా ఇచ్చేటప్పుడు "నాకు రావాల్సింది పూర్తిగా ముట్టింది" అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. డబ్బు కళ్లముందు కనిపిస్తున్న తొందరలో చాలామంది చదవకుండా పెట్టేస్తారు. తుది లెక్కలు పూర్తిగా చేతికిచ్చాకే, ఇంకా వసూలు కాని షేర్లు, పన్ను రీఫండ్ లాంటివి వస్తే మీ భాగం మీకే అని అందులో ఒక వాక్యం రాయించుకున్నాకే సంతకం పెట్టండి.