నీళ్లలోంచి తీసిన యుద్ధనౌక: వాసా పద్ధతి మేలా, మేరీ రోజ్ పద్ధతి మేలా?

శతాబ్దాలు నీళ్లలో నానిన ఓక్ చెక్క పైకి గట్టిగానే కనిపిస్తుంది. కానీ చివికిన కణాలను నిలబెడుతున్నది అందులోని నీరే. అలాగే ఆరనిస్తే చెక్క ముడుచుకుని పగిలిపోతుంది. అందుకే నీటి బదులు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే నీళ్లలో కరిగే రసాయనం, అంటే పెగ్, ఎక్కిస్తారు. ఏ గ్రేడు అన్నదే చిక్కు; గ్రేడు అంకె పెరిగేకొద్దీ దాని అణువు పెద్దది. పెగ్ 200 గ్లిజరిన్‌లా జారుతూ గట్టి చెక్కలోకీ దూరుతుంది, కానీ గాలిలో తేమ పీల్చుకుంటుంది. 2000, 4000 మైనంలా గడ్డకట్టి పాడైన పైపొరకు దన్నిస్తాయి, లోతుకు మాత్రం దిగవు.

స్వీడన్ నౌక వాసా 1628లో తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్‌లో మునిగింది. అక్కడి బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ, చెక్క తొలిచే ఓడపురుగు బతకదు. అందుకే 1961లో దాదాపు మొత్తం ఓడ దక్కింది. 1962 నుంచి 17 ఏళ్లు పెగ్ చల్లారు, ముందు పెగ్ 1500, తర్వాత పెగ్ 600. ఇంత పెద్ద ఓడకు అంతకుముందు ఎవరూ ఈ పని చేయలేదు, దారి చూపింది వాళ్లే.

1545లో మునిగిన ఇంగ్లండ్ నౌక మేరీ రోజ్‌ను 1982లో తీశారు. బురద కప్పిన కుడివైపు సగమే మిగిలింది. 12 ఏళ్లు చల్లటి నీళ్లతో తడిపి, 1994లో పెగ్ 200 మొదలుపెట్టారు. లోపల అది నిండాక, పైపొర కోసం పెగ్ 2000 ఎక్కించి 2013లో ఆపారు.

లోపల గట్టిగా, పైన మెత్తగా ఉన్న చెక్కకు ఈ రెండంచెల పద్ధతే మేలు.

అయితే ఏ గ్రేడు వాడినా ఇనుము సంగతి తేలదు. స్టాక్‌హోమ్ మురికినీటి గంధకం వాసా చెక్కలో ఇంకింది. తుప్పుపట్టిన బోల్టుల ఇనుము తోడై, గాలి తగిలాక అది గంధకామ్లంగా మారుతోంది. 2000 సంవత్సరంలో వానలు ఎక్కువ పడిన వేసవిలో తడి కోట్లతో సందర్శకులు వస్తుంటే ఓడ ఉన్న మ్యూజియం హాల్లో తేమ పెరిగి, చెక్క మీద తెల్లటి, పసుప్పచ్చ లవణాలు పొంగాయి. 1960ల్లో బిగించిన 5,000కు పైగా ఇనుప బోల్టులను 2011 నుంచి స్టెయిన్‌లెస్ స్టీలుతో మార్చాల్సివచ్చింది. మేరీ రోజ్ చెక్కలోనూ ఇనుము, గంధకం ఉన్నాయి. కాబట్టి ముందు తీయగలిగిన ఇనుమంతా తీయాలి, తర్వాతే పెగ్. ఆరాక గాలిలో తేమ 55 శాతం దగ్గర, వేడి 18-20 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచాలి. వాసా హాల్లో 2004లో ఏసీ వ్యవస్థనే మార్చింది ఇందుకే.