స్కార్పియోకి కోన్ ఫిల్టర్: మూడేళ్లు, 41 వేల కిలోమీటర్ల తర్వాత

బండి 2010 స్కార్పియో, 2.2 ఎంహాక్, 2179 సీసీ. కోన్ ఫిల్టర్ అంటే కంపెనీ ఇచ్చిన పేపర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, దాని బదులు పెట్టే శంకువు ఆకారపు గాలి ఫిల్టర్. నాది నూనె పట్టించిన కాటన్ గుడ్డది. అది ఎక్కించేనాటికి మీటర్ మీద లక్షా 62 వేలు ఉంది. తిరుగుడు ఎక్కువగా శ్రీకాకుళం–టెక్కలి–పలాస హైవే మీద, మధ్యమధ్యలో రాజాం, పాలకొండ రోడ్లు. ముందే చెప్పేస్తున్నాను, పికప్ పెరుగుతుందని అయితే పెట్టకండి. టర్బో సౌండ్ కోసం అయితే పెట్టుకోవచ్చు, కానీ దాన్ని సరిగ్గా కూర్చోబెట్టడం ఒక పూట పని కాదు.

బోనెట్ ఎత్తిన ప్రతిసారీ "ఏటి బావా, పవర్ పెరిగిందేటి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. పెరగలేదు. డీజిల్ ఇంజన్‌లో పవర్ ఎంత రావాలో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పోసే డీజిల్ తేలుస్తుంది. ఫిల్టర్ దగ్గర అడ్డు కాస్త తగ్గితే, గాలిని ఇంజన్‌లోకి ఒత్తి నింపే టర్బోకి అంత శ్రమ తగ్గుతుంది, ఈసీయూ మాత్రం తను అనుకున్న బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) దగ్గరే ఆపుతుంది. రీమ్యాప్ చేయించిన, అంటే ఈసీయూ లెక్కలు మార్పించిన బండి సంగతి వేరు, అది ఇక్కడ మాట్లాడటం లేదు.

అడ్డు ఎంత తగ్గిందో కొలవడానికి ఖరీదైన మీటర్ అక్కర్లేదు. తాపీమేస్త్రీలు లెవెల్ చూసే సన్నటి పైపు నాలుగు మీటర్లు కొనండి. యూ ఆకారంలో ఒక చెక్కకి కట్టి, రెండు కాళ్లలో 40 సెంటీమీటర్ల వరకు రంగునీళ్లు పోయండి. ఒక కొస ఫిల్టర్‌కి, టర్బోకి మధ్య ఉన్న గొట్టానికి తగిలించి, రెండోది గాలికి వదిలేయండి. పక్క సీట్లో ఒకరు చెక్క నిలువుగా పట్టుకుని, రెండు మట్టాల తేడా చూసి చెప్పాలి. 10 సెంటీమీటర్ల తేడా అంటే దాదాపు 1 కిలోపాస్కల్. ఇంజన్ వైపు కాలు మీటరు ఎత్తుకి తగ్గకూడదు, తగ్గితే రంగునీళ్లు టర్బోలోకి పోతాయి. కంపెనీ డబ్బా కొలవాలంటే మూత విప్పి బయటపెట్టి, శుభ్రమైన గాలి వైపు 4 మిల్లీ రంధ్రం వేయాలి. ప్లాస్టిక్ పొట్టంతా తుడిచాకే మూత మళ్లీ బిగించాలి. పనయ్యాక రబ్బర్ గ్రోమెట్ పెట్టి సీలెంట్ పూస్తే సరిపోతుంది.

థర్డ్ గేర్, ఫుల్ ఎక్సలేటర్, 3500 ఆర్‌పీఎం దగ్గర నాకు వచ్చిన తేడాలు: 18 వేలు తిరిగిన పాత పేపర్ ఫిల్టర్‌తో 38 సెంటీమీటర్లు, కొత్త పేపర్ ఫిల్టర్‌తో 19, కోన్‌తో 12. కోన్ పెట్టగానే "బండి తేలికైంది" అని చాలామంది అనేది 38 నుంచి 12కి వచ్చిన తేడా చూసి. అందులో పెద్ద భాగం కొత్త పేపర్ ఫిల్టర్ వేసినా వచ్చేదే. కొత్త పేపర్‌కి, కోన్‌కి మధ్య తేడా 7 సెంటీమీటర్లు, అంటే 0.7 కిలోపాస్కల్. బయట గాలి ఒత్తిడి 100 కిలోపాస్కల్ చిల్లర. నూటికి ఒక వంతు కూడా లేదు.

ఆ కొంచెమూ వేడిలో కొట్టుకుపోతుంది. కంపెనీ డబ్బా మూతి బయటి గాలి అందుకుంటుంది. విడిగా వేలాడే కోన్ మాత్రం రేడియేటర్ ఫ్యాన్ వెనక్కి కొట్టే వేడిగాలి లాగుతుంది. గాలి 3 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం పలచబడుతుంది. ఓబీడీ అడాప్టర్ (ఈసీయూ లెక్కలు చదివి చూపించేది) పెట్టి, లోపలికి పోయే గాలి వేడి ఎంతో బయట 34 డిగ్రీలున్న రోజున చూశాను. హైవే మీద 80 స్పీడ్‌లో కంపెనీ డబ్బాలో 38 డిగ్రీలు, షీల్డ్ (వేడిగాలి తగలకుండా చుట్టూ కట్టే రేకు) లేని కోన్‌తో 47. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో పది నిమిషాలు నలిగితే అదే కోన్ 63 చూపించింది. టర్బో దాటిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఇందులో కొంత వెనక్కి లాగుతుంది గానీ, 63 డిగ్రీల గాలిని 38 డిగ్రీల గాలితో సమానం చేయలేదు. షీల్డ్ పెట్టాక హైవేలో 40, ట్రాఫిక్‌లో 51. కాబట్టి షీల్డ్ లేకుండా కోన్ పెట్టడం డబ్బులిచ్చి బండిని వెనక్కి లాగడమే.

షీల్డ్‌కి 1.5 మిల్లీ అల్యూమినియం షీటు చాలు. ముందు అట్టపెట్టె కోసి నమూనా చేసుకోండి, టింకరింగ్ షెడ్డులో నేరుగా షీటు మీద కోయనివ్వకండి. చాలామంది ఇంజన్ వైపు ఒక గోడ నిలబెట్టి వదిలేస్తారు, కింద తెరిచే ఉంటుంది. వేడి కింద నుంచే వస్తుంది. అడుగు కూడా మూయాలి, నీళ్లు కారిపోవడానికి 6 మిల్లీ రంధ్రాలు రెండు ఉంచాలి. కంపెనీ డబ్బాకి గాలి తెచ్చే మూతి గొట్టాన్ని తీసేయకుండా ఈ పెట్టెలోకే తిప్పాలి. పై అంచులకి కారు డోర్ బీడింగ్ తొడిగితే బోనెట్ వేసినప్పుడు దాని మీద ఒత్తుకుని మూసుకుంటుంది. ఫిల్టర్‌కి, బోనెట్‌కి మధ్య సందు చూడటానికి ఒక చపాతీ పిండి ముద్ద ఫిల్టర్ నెత్తిన పెట్టి బోనెట్ మెల్లగా దించండి. ఎత్తాక ముద్ద మందం 20 మిల్లీలకి తక్కువుంటే ఫిల్టర్ కిందికి దించాల్సిందే. ఇంజన్ ఊగినప్పుడు అది బోనెట్‌ని రాసుకుంటుంది.

ఇక బిగింపు. బ్యాటరీ నెగటివ్ తీయాలి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ (ఇంజన్‌లోకి పోయే గాలి ఎంతో కొలిచేది) కనెక్టర్‌ని లాక్ నొక్కి ఊడదీయాలి, వైరు పట్టి లాగకూడదు. డబ్బా బోల్టులు విప్పి బయటికి తీసిన మరుక్షణం టర్బో వైపు గొట్టం నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. ఈ పనిలో ఒక్క వాషర్ లోపల పడినా టర్బో రెక్కలు పోతాయి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, సెన్సర్‌ని దాని సొంత గొట్టంలోంచి ఊడదీసి కిట్‌లో వచ్చిన కొత్త పైపులో పెట్టడం. సెన్సర్ లెక్కంతా ఆ గొట్టం లోపలి కొలత మీద ఆధారపడుతుంది. 70 మిల్లీ గొట్టంలోని సెన్సర్‌ని 76 మిల్లీ పైపులో పెడితే అంతే గాలికి 15 శాతం తక్కువ చూపిస్తుంది. ఈసీయూ ఆ మేరకు డీజిల్ తగ్గిస్తుంది, ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) లెక్క తప్పుతుంది. సెన్సర్ పాత గొట్టంతోనే ఉండాలి, బాణం గుర్తు ఇంజన్ వైపే చూడాలి, ఫిల్టర్ మెడకి సెన్సర్‌కి మధ్య కనీసం 10 సెంటీమీటర్లు తిన్నని పైపు ఉండాలి. వంపు దాటగానే సెన్సర్ వస్తే గాలి సుళ్లు తిరిగి ఐడిల్ ఊగుతుంది. సెన్సర్ గొట్టానికి, ఫిల్టర్ మెడకి కొలత కలవకపోతే లేత్ మీద అల్యూమినియం రింగ్ తీయించండి. రబ్బర్ ముక్కలు చుట్టి క్లిప్పు బిగిస్తే రెండు వేసవుల్లో జారిపోతుంది. వెర్నియర్‌తో కొలిచాకే ఫిల్టర్ ఆర్డర్ పెట్టండి, "స్కార్పియోకి సరిపోతుంది" అన్న మాట మీద కాదు.

ఇంజన్ బ్రీదర్ పైపు సంగతి కూడా మర్చిపోతారు. ఇంజన్ లోపలి ఆయిల్ ఆవిరి (క్రాంక్‌కేస్ ఆవిరి) ఈ పైపులోంచి, ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టంలోకి వస్తుంది. కొత్త పైపుకి ఆ మూతి లేకపోతే వెల్డ్ చేయించాలి. అలా కాకుండా బ్రీదర్ పైపు చివర బుడ్డ ఫిల్టర్ తొడిగి వదిలేస్తే ఆయిల్ మంచు బోనెట్ కిందంతా పట్టి, దాని మీద దుమ్ము గడ్డకడుతుంది.

ఫిల్టర్ బరువు సెన్సర్ ప్లాస్టిక్ మీద పడకూడదు. డబ్బా పాత బోల్టు రంధ్రాల్లోనే, పాత రబ్బర్ బుష్‌లు వాడుతూ ఒక బ్రాకెట్ కట్టాలి. ఇంజన్ కదులుతుంది, బాడీ కదలదు. రెంటి మధ్య ఒక ఉబ్బు ఉన్న సిలికాన్ కప్లర్ (రెండు గొట్టాల్ని కలిపే మెత్తటి ముక్క) తప్పనిసరి. క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తీసుకోండి. కళింగపట్నం, భావనపాడు వైపు ఎక్కువగా తిరిగే బండికి మామూలు క్లిప్పులు ఏడాదిలో ఉప్పుగాలికి తుప్పుపట్టి స్క్రూ తిరగడం మానేస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి, దుమ్ము. ఈ ఇంజన్ 3000 ఆర్‌పీఎం దగ్గర, టర్బో లేదనుకున్నా, నిమిషానికి 3,200 లీటర్లకి పైగా గాలి మింగుతుంది. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీ రోడ్లు, వంశధార ఇసుక రేవుల దగ్గర లారీల వెనక ప్రయాణం, కోతల రోజుల్లో రోడ్డు మీద నూర్పిళ్ల ధూళి, ఇవన్నీ ఆ గాలిలోనే ఉంటాయి. ఫిల్టర్ ఎంత ఆపుతుందో తెలియాలంటే దాని తర్వాతి పైపు లోపల గోరంత పెట్రోలియం జెల్లీ పలచగా రాసి, 500 కిలోమీటర్లు తిరిగాక వేలితో తీసి బొటనవేలికి రాయండి. హైవే మీదే తిరిగినప్పుడు నాకు నున్నగా వచ్చింది. క్వారీ రోడ్లలో వారం తిరిగాక పౌడర్ లాంటి సన్నటి గరుకు తగిలింది. పేపర్ ఫిల్టర్‌తో అదే రోడ్డు మీద అది లేదు. గరుకు ఒకే చోట గీతలా ఉంటే క్లాంపు దగ్గర లీకు, మళ్లీ బిగించుకోవచ్చు. పైపు చుట్టూ సమానంగా పొరలా ఉంటే అది ఫిల్టర్ గుడ్డలోంచే వస్తోంది, బిగింపుతో పోదు. నాది రెండోది. పైన సాక్స్ లాంటి ప్రీ-ఫిల్టర్ తొడిగితే తగ్గింది గానీ పోలేదు, పైగా 12 సెంటీమీటర్ల అడ్డు 16 అయ్యింది. ఇక పేపర్‌కి, దీనికి తేడా ఏం మిగిలింది?

నూనె కాటన్ ఫిల్టర్ కాబట్టి కడుగుడు ఉంది. తయారీదారులు చెప్పే దూరాలు శుభ్రమైన రోడ్లకి. ఇక్కడ 8 నుంచి 10 వేలకే కడగాలి. క్లీనర్ చల్లి పది నిమిషాలు ఆగి, కుళాయి నీళ్లు సన్నగా లోపలి నుంచి బయటికి పారించాలి. ప్రెషర్ వాటర్, ఎయిర్ గన్, పెట్రోల్ వాడితే గుడ్డ పోగులు విడిపోతాయి. నీడలో ఒక రోజంతా ఆరనివ్వాలి. వానాకాలంలో రెండు రోజులు కూడా పడుతుంది, ఆ రెండు రోజులకి పాత డబ్బా చేతిలో ఉండాలి. ఆరాక ప్రతి మడత మీదా నూనె ఒక్క గీత. 20 నిమిషాలకి రంగు పాకని చోట మాత్రమే మరో చుక్క. ఇంజన్ ఆయిల్ పోయకండి.

నూనె ఎక్కువైతే సెన్సర్ హాట్ ఫిల్మ్ (గాలిని కొలిచే వేడి రేకు) మీద పొర పడుతుంది, దాని మీద దుమ్ము అంటుతుంది, గాలి తక్కువ చదువుతుంది. బండి 2000 ఆర్‌పీఎం దాటాక బరువెక్కినట్టు ఉంటుంది, తర్వాత పీ0101 కోడ్‌తో (ఎయిర్‌ఫ్లో సెన్సర్ లెక్క తేడాగా ఉందని) చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. నాకు రెండో కడుగుడు తర్వాత ఇదే జరిగింది, తప్పు నా చేతిదే. సెన్సర్ శుభ్రం చేయడానికి ఎయిర్‌ఫ్లో సెన్సర్ స్ప్రే మాత్రమే కొట్టాలి, కార్బొరేటర్ క్లీనర్ కాదు. ఇయర్ బడ్‌తో తుడవకూడదు. అరగంట ఆరాకే కనెక్టర్ పెట్టాలి. నూనె అక్కర్లేని డ్రై ఫిల్టర్ తీసుకుంటే ఈ గొడవ ఉండదు. మళ్లీ కొనాల్సి వస్తే అదే కొంటాను.

వాన విషయం కొంచెమే చెబుతాను. 2018 తిత్లీ, 2021 గులాబ్ తుఫాన్లు ఈ జిల్లా తీరాన్నే దాటాయి, రోడ్ల మీద నీళ్లు ఎలా నిలుస్తాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. కోన్‌ని కంపెనీ మూతి కంటే కిందికి దించారంటే బండి దాటగలిగే నీటి లోతు కూడా అంత తగ్గినట్టే. నీళ్లలో ఇంజన్ ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి.

సౌండ్ బాగుంటుంది, 1800 ఆర్‌పీఎం దాటాక టర్బో ఈల స్పష్టంగా వినిపిస్తుంది. అద్దాలు దించి మడపం టోల్‌గేట్ దాటి లాగితే ముచ్చటగానే ఉంటుంది. మైలేజీలో తేడా లేదు.

నాకైన ఖర్చు: ఫిల్టర్ 5,200, సిలికాన్ కప్లర్లు రెండు 700, క్లాంపులు నాలుగు 360, లేత్ రింగ్ 650, షీటు, టింకరింగ్ కూలి 1,100, క్లీనర్, నూనె కిట్ 1,900. మొత్తం 9,910 రూపాయలు.

గత సంక్రాంతి నుంచి కంపెనీ డబ్బా, పేపర్ ఫిల్టర్ మళ్లీ ఎక్కాయి. క్వారీ రోడ్ల తిరుగుడు పెరిగింది, ఆ సన్నటి గరుకు టర్బోలోకి పంపడం ఇష్టం లేదు. పేపర్‌ని 10 వేలకోసారి మారుస్తున్నాను, ఎయిర్ గన్‌తో ఊది మళ్లీ పెట్టడం మానేశాను. పలాస, ఇచ్ఛాపురం హైవే తప్ప వేరే రోడ్డు ఎక్కని బండికి షీల్డుతో, డ్రై కోన్ పెట్టుకుంటే అభ్యంతరం లేదు. అప్పుడు కూడా పాత డబ్బా, మూతి గొట్టం అటక మీద దాచండి. రబ్బర్ బుష్‌లు, వాటి లోపలి ఇనుప గొట్టాలు, బోల్టులు ఒక కవర్లో వేసి డబ్బాకే కట్టేయండి. నాకు డబ్బా దొరికింది గానీ ఒక బుష్ దొరకలేదు, దాని కోసం పాత సామాన్ల షాపులు మూడు తిరిగాను.