లీ కాలెట్ నెక్ సైజింగ్ డై: రనౌట్ తగ్గాలంటే ముందు ఇదే కొనండి

అమెరికాలో ఉంటూ ఇంట్లో తూటాలు రీలోడ్ చేసుకునేవాళ్ళ కోసం, అంటే కాల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని (కేస్) మళ్ళీ నింపి వాడుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. ఇండియాలో ఉన్నవాళ్ళు చదివి వదిలేయండి, అక్కడ ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయకూడదు.

నాది .308 విన్‌చెస్టర్ బోల్ట్ రైఫిల్. తూటాని గేజ్ మీద తిప్పితే డయల్ ముల్లు అటూ ఇటూ ఊగుతుంది చూడండి, ఆ ఊగుడే రనౌట్. 0.003 అంగుళం లోపు ఉంటే చాలని చాలామంది అంటారు, అంటే మిల్లీమీటర్లో పదో వంతు కూడా కాదు.

రనౌట్ కనబడగానే అందరూ సీటింగ్ డైని, అంటే కేస్‌లో బుల్లెట్‌ని కూర్చోబెట్టే అచ్చుని తిడతారు. అసలు బుల్లెట్ పెట్టకముందే ఖాళీ కేస్ నెక్‌ని (బుల్లెట్‌ని పట్టుకునే మూతి) తిప్పి చూడండి, వంకర చాలాసార్లు అక్కడే ఉంటుంది. కాల్చాక ఉబ్బిన కేస్‌ని మళ్ళీ సైజుకి తెచ్చేది సైజింగ్ డై; మామూలుది నెక్‌ని కావలసినదానికంటే ఎక్కువ నొక్కేస్తుంది, ఆ తర్వాత కేస్ దిగేటప్పుడు ఎక్స్‌పాండర్ బాల్ (నెక్‌ని లోపలినుంచి వెడల్పు చేసే గుండు) ఆ ఇరుకు నెక్‌లోంచి లాక్కుంటూ వస్తుంది, ఆ లాగుడికి నెక్ ఒక పక్కకి ఒరుగుతుంది.

లీ డైలో ఆ బాలే లేదు. నెక్ లోపల మాండ్రెల్ అనే కడ్డీ, బయట చీలికలున్న కాలెట్. హ్యాండిల్ దించితే కాలెట్ నెక్‌ని చుట్టూ కడ్డీకేసి అదుముతుంది, అంతే. కేస్‌కి లూబ్ (జారుడు నూనె) రాసి మళ్ళీ తుడిచే చాకిరీ కూడా లేదు, నిజం చెప్పాలంటే నాకు సగం సుఖం ఇక్కడే. ధర కూడా బెంచ్‌రెస్ట్ డైల (గురి పోటీలవాళ్ళు వాడే ఖరీదైనవి) ముందు చాలా తక్కువ.

లోటుపాట్లూ ఉన్నాయి. ఇది నెక్ తప్ప కేస్ బాడీని ముట్టుకోదు, షోల్డర్‌ని (నెక్ కింద వాలుగా ఉండే భాగం) వెనక్కి నెట్టదు, కాబట్టి అదే కేస్‌ని నాలుగైదుసార్లు కాల్చేసరికి బోల్ట్ బిగుసుకోవచ్చు, అప్పుడు ఆ రెండింటినీ సరిచేసే బాడీ డై వాడాల్సిందే. సెమీ ఆటోమేటిక్ ఉన్నవాళ్ళు దీని జోలికి పోకండి. హ్యాండిల్ ఎంత గట్టిగా నొక్కాలో చేతికి అలవాటయ్యేదాకా ఓపిక పట్టాలి. ఇంకోటి, ఇది నెక్ లోపలి వైపుని తిన్నగా చేస్తుంది, కానీ ఇత్తడి ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా ఉంటే ఆ తేడా అంతా బయటికి వస్తుంది, గేజ్ దాన్నీ రనౌట్ కిందే చూపిస్తుంది. అలాంటి కేసులు ఏరి పక్కన పెట్టండి.

వంకరగా కూర్చున్న బుల్లెట్‌ని తర్వాత స్క్రూతో నెట్టి సరిచేసే పనిముట్లు కూడా అమ్ముతున్నారు, నాకైతే నచ్చవు, నెక్ పట్టు సడలుతుందేమోనని టెన్షన్. దాని బదులు ఫోర్‌స్టర్ కంపెనీ సీటింగ్ డై కొనొచ్చు, బుల్లెట్ దిగకముందే అందులోని స్లీవ్ కేస్‌ని, బుల్లెట్‌ని ఒకే వరసలో పట్టుకుంటుంది.