ఐఎంఎఫ్ అప్పు సర్వీసు: 5కి 3 స్టార్లు

ఐఎంఎఫ్ అంటే దేశాలకి అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి. ఇది సరదాగా వెళ్ళే కొట్టు కాదండీ, ఊళ్ళో ఇంకెక్కడా అప్పు పుట్టని రోజున వెళ్ళే కొట్టు. 1944లో అమెరికాలోని బ్రెటన్‌వుడ్స్‌లో పెట్టారు, డాలర్లు నిండుకున్న దేశం తలుపు కొడితే ఇస్తారు, ఆ ఒక్కదానికే రెండు స్టార్లు, ఒకడు మునిగితే పక్కవాడి బ్యాంకులూ మునుగుతాయి కదా.

మన అనుభవమే చూడండి. 1991లో రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడా డాలర్లు కూడా లేవు, ఐఎంఎఫ్ డబ్బులు చేతికి అందేలోపు గడవడానికి జులైలో 47 టన్నుల బంగారం విమానాలెక్కించి బయట తాకట్టు పెడితే వచ్చింది 40 కోట్ల డాలర్లు. పీవీ, మన్మోహన్ రూపాయి విలువ తగ్గించారు, లైసెన్సులు ఎత్తేశారు, తర్వాత బాకీ మొత్తం తీర్చేశాం, 2009లో అదే ఐఎంఎఫ్ దగ్గర 200 టన్నుల బంగారం మనమే కొన్నాం! ఇదొక స్టారు.

ఇక షరతులు. అవి వాళ్ళు పెట్టినట్టు కాగితం మీద ఉండదు, "మేమే ఇలా చేస్తాం" అని అప్పు తీసుకునే దేశం ఆర్థికమంత్రి, సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ సంతకం పెట్టి లెటర్ రాయాలి, భలే తెలివి. డబ్బులు కూడా ఇంటి లోన్ లాగే, స్లాబు పడిందా లేదా చూసి ఇంకో విడత వదుల్తారు. శ్రీలంకలో 2023 ఫిబ్రవరిలో కరెంటు చార్జీలు ఒక్కసారే 66 శాతం పెరిగాయి, మార్చిలో 300 కోట్ల డాలర్ల లోన్ ఓకే అయింది. ధరల పెరుగుదల 70 శాతం దగ్గర్నుంచి ఏడాదిలోపే సింగిల్ డిజిట్‌కి వచ్చిన మాట నిజమే, కానీ ఆ బిల్లు కట్టింది కొలంబోలో మూడు బల్బులున్న ఇల్లు కూడా. మనకిది కొత్తా, పక్క కొట్టు వరల్డ్ బ్యాంక్ అప్పుతో సంస్కరణలని కరెంటు చార్జీలు పెంచితే 2000 ఆగస్టులో హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పుల దాకా వెళ్ళింది.

మేనేజ్‌మెంట్ సంగతి అడక్కండి, పెద్ద నిర్ణయాలకి 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదాని చేతిలోనే 16 శాతం పైన ఉన్నాయి, అంటే అది తలూపకపోతే అంతే.

రెగ్యులర్ కస్టమర్ ఎవరంటే అర్జెంటీనా. 2018లో ఐఎంఎఫ్ చరిత్రలోనే పెద్ద లోన్, 2022లో ఆ పాతది కట్టడానికి కొత్తది, 2025లో ఇంకో 2,000 కోట్ల డాలర్లు. కొట్టువాళ్ళు కాదనలేరు, ఇంత బాకీ ఉన్నవాణ్ణి ఎలా పొమ్మంటారు.