ఆరిస్ ఎస్‌బీ8200 కేబుల్ మోడెమ్: పెట్టె మంచిదే, గోడలోని కేబుల్ సంగతే చూసుకోవాలి

అమెరికాలో కేబుల్ ఇంటర్నెట్‌కి నెలనెలా మోడెమ్ అద్దె కడుతున్నవాళ్లు సొంతంగా కొనుక్కోదగ్గ పెట్టె ఆరిస్ సర్ఫ్‌బోర్డ్ ఎస్‌బీ8200. డాక్సిస్ 3.1 (కేబుల్ ఇంటర్నెట్ ప్రమాణం), లోపల బ్రాడ్‌కామ్ చిప్. పాత ఎస్‌బీ6190 సెకండ్‌హ్యాండ్‌లో ఎంత చవగ్గా దొరికినా దాని జోలికి పోవద్దు. అందులోని ఇంటెల్ ప్యూమా 6 చిప్ వల్ల గేముల్లో, వీడియో కాల్స్‌లో లేటెన్సీ (స్పందనలో ఆలస్యం) ఉన్నట్టుండి ఎగురుతుంది.

ఎస్‌బీ8200లో వైఫై లేదు, ల్యాండ్‌ఫోన్ పోర్టూ లేదు. రౌటర్ విడిగా కొనాలి. వెనక రెండు ఈథర్నెట్ పోర్టులున్నాయి కదా అని రెండోదానికి టీవీ తగిలిస్తే సాధారణంగా నెట్ రాదు. చాలా కంపెనీలు ఇంటికి ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) ఇస్తాయి మరి. కొనేముందు మీ ఇంటర్నెట్ కంపెనీ ఆమోదించిన మోడెమ్‌ల జాబితాలో మీ ప్లాన్‌కి ఇది ఉందో లేదో చూడండి, ముఖ్యంగా అప్‌లోడ్ వేగం దగ్గర.

బిగించడం తేలికే. ముందు కోయాక్స్ (గోడలోంచి వచ్చే గుండ్రటి కేబుల్), తర్వాత పవర్. కనెక్టర్‌ని చేత్తో బిగించి, 7/16 అంగుళాల స్పానర్‌తో మరో పావు చుట్టు తిప్పితే చాలు. మధ్య తీగ వంగకుండా, కనెక్టర్ అంచు దాటి 2, 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. మొదటిసారి ఫర్మ్‌వేర్ (మోడెమ్ లోపలి సాఫ్ట్‌వేర్) దింపుకుని తనంతట తానే రీబూట్ అవ్వచ్చు. దీపాలు మినుకుమంటున్నాయని మధ్యలో పీకేయకండి. డౌన్‌స్ట్రీమ్ (ఇంట్లోకి వచ్చే సిగ్నల్) దీపం నీలంగా నిలిస్తే డాక్సిస్ 3.1 అందుకున్నట్టు, ఆకుపచ్చైతే 3.0 దగ్గరే ఆగినట్టు. ఆపైన కంపెనీ యాప్‌లో లేబుల్ మీదున్న కేబుల్ మోడెమ్ మ్యాక్ అడ్రస్ (ఆ పెట్టె గుర్తింపు సంఖ్య) ఇచ్చి యాక్టివేట్ చేయాలి. ముందు ల్యాప్‌టాప్‌తో పరీక్షించి తర్వాత రౌటర్ పెడితే, మోడెమ్ ల్యాప్‌టాప్‌నే పట్టుకుని కూర్చుంటుంది, రౌటర్‌కి నెట్ ఇవ్వదు. మోడెమ్ పవర్ తీసి ఓ నిమిషం ఆగి పెట్టండి.

అసలు సంగతి బ్రౌజర్‌లో 192.168.100.1 కొడితే వచ్చే మోడెమ్ పేజీలో తెలుస్తుంది. సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే కంగారు అక్కర్లేదు, దాటి వెళ్లండి. డౌన్‌స్ట్రీమ్ పవర్ -7 నుంచి +7 డీబీఎంవీ (సిగ్నల్ బలం కొలత) మధ్య ఉంటే భేష్. ఎస్ఎన్ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత స్పష్టమో) 35 డీబీ పైన ఉండాలి. అప్‌స్ట్రీమ్ (మోడెమ్ బయటికి పంపే సిగ్నల్) 50 డీబీఎంవీ దాటిందంటే మోడెమ్ గొంతు చించుకుని అరుస్తోందన్నమాట, లైన్ తెగే ప్రమాదం ఉంది. ఈవెంట్ లాగ్‌లో టీ3, టీ4 టైమౌట్లు (కంపెనీ వైపు నుంచి మోడెమ్‌కి జవాబు రాలేదనే నమోదులు) వరసగా కనిపించేదీ అప్పుడే.

దీనికి చాలాసార్లు కారణం క్లోజెట్‌లో ఎవరో ఎప్పుడో వదిలేసిన స్ప్లిటర్ (ఒక కేబుల్‌ని పలు దారులుగా చీల్చే ముక్క). రెండు దారులది ఒక్కో దారికి సిగ్నల్‌లో దాదాపు 3.5 డీబీ తినేస్తుంది, నాలుగు దారులది 7. అదీ వచ్చే సిగ్నల్, వెళ్లే సిగ్నల్ రెండింట్లోనూ. కేబుల్ టీవీ లేని ఇంట్లో అది దండగ. తీసేసి బయటినుంచి వచ్చే లైన్‌ని ఎఫ్-81 జాయింట్‌తో (రెండు కోయాక్స్ కేబుళ్లని కలిపే చిన్న ముక్క) నేరుగా మోడెమ్‌కి కలపండి. అప్పటికీ అంకెలు దారికి రాకపోతే మోడెమ్ వాపసు చేయడం వృథా, లోపం వీధి లైన్‌లోనే ఉండొచ్చు. ఫోన్‌లో "నెట్ స్లో" అంటే రీబూట్ చేయమంటారు. అప్‌స్ట్రీమ్ 52, సరిచేయలేని కోడ్‌వర్డ్‌లు (పాడైన డేటా ముక్కలు) గంటగంటకీ పెరుగుతున్నాయి అని చెబితే టెక్నీషియన్ని పంపుతారు.

గిగాబిట్ పోర్టు కాబట్టి ఒక్క పోర్టుతో వేగం 940 ఎంబీపీఎస్ దగ్గర ఆగుతుంది. అంతకు మించిన ప్లాన్ ఉన్నవాళ్లు 2.5 గిగాబిట్ పోర్టున్న మోడెమ్ చూసుకోవాలి.